టైమ్ ట్రయల్ సైకిలుకు చక్రాలు ఎంచుకోవడం

ఎదురుగాలిలో సైకిలు తొక్కిన అనుభవం మీకు ఉండే ఉంటుంది. దారి చదునుగా ఉంటుంది, వెనుక సీటు మీద బరువేమీ ఉండదు. అయినా ఎంత తొక్కినా సైకిలు సాగదు. మిమ్మల్ని ఆపుతున్నది గాలి. ఈ గాలితోనే పెనుగులాడవలసిన సైకిలు పోటీ ఒకటి ఉంది. దాన్ని టైమ్ ట్రయల్ అంటారు. ఇందులో అందరూ ఒకేసారి బయలుదేరరు. కొద్ది వ్యవధి ఇచ్చి ఒక్కొక్కరినే వదులుతారు. మరొకరి వెనుక చేరి గాలి తప్పించుకోవడానికి వీల్లేదు. ఎవరు తక్కువ సమయంలో గమ్యం చేరితే వారే విజేత. అలాంటి సైకిలుకు ఏ చక్రాలు వేయాలి?

ముందు ఒక చిన్న లెక్క చూడండి. గాలి వీయని రోజున మీ వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. దాన్ని అధిగమించడానికి కావలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుంది. అంటే గంటకు 20 కి.మీ. వేగంతో పోయే మనిషి 40 కి.మీ. వేగం అందుకోవాలంటే, ఒక్క గాలి కోసమే ఎనిమిది రెట్ల సామర్థ్యం చూపాలి. పోటీలలో పావు నిమిషం తగ్గించుకోవడానికి అంత ఖర్చు ఎందుకు పెడతారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇందులో చక్రం పాత్ర ఏమిటి? సైకిలు నడుస్తున్నప్పుడు చక్రంలో నేలను తాకే భాగం ఆ క్షణంలో నిశ్చలంగా ఉంటుంది. పై అంచు మాత్రం సైకిలు వేగానికి రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది. సైకిలు 40 కి.మీ. వేగంతో పోతుంటే పై అంచు వేగం 80 కి.మీ. అన్నమాట. అక్కడి స్పోకులు మజ్జిగలో కవ్వంలా గాలిని చిలుకుతాయి. ఆ చిలకడానికి శక్తి మీ కాళ్ల నుంచే రావాలి. అందుకే పోటీ చక్రాలకు స్పోకులు తక్కువగా, బల్లపరుపుగా ఉంటాయి. రిమ్ము లోతుగా, అంటే ఇరుసు వైపు 50 నుంచి 80 మి.మీ. దాకా దిగి ఉంటుంది. స్పోకులు కనబడకుండా పూర్తిగా మూసేసిన చక్రాన్ని డిస్క్ చక్రం అంటారు. (డిస్క్ బ్రేకు వేరు. పేరు చూసి పొరబడకండి.) 1984లో ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో మోజర్ మెక్సికో నగరంలో ఇలాంటి చక్రాలతోనే ఒక గంటలో 51.151 కి.మీ. తొక్కి రికార్డు సృష్టించాడు.

అయితే రెండు వైపులా డిస్క్ చక్రాలే వేస్తే పోలేదా అని మీరు అడగవచ్చు. మోజర్ తొక్కింది ట్రాకు మీద. రోడ్డు మీద పక్కగాలి కొడుతుంది. తెరిచి ఉంచిన తలుపును గాలి ఎలా తోస్తుందో మీకు తెలుసు. మూసిన చక్రాన్నీ అలాగే తోస్తుంది. వెనుక చక్రం ఫ్రేములో బిగించి ఉంటుంది కనుక పెద్దగా ఇబ్బంది లేదు. ముందు చక్రం హ్యాండిలుతో పాటు తిరుగుతుంది. గాలి విసురుకు హ్యాండిలు ఒక్కసారిగా పక్కకు లాగితే, ఆ వేగంలో పడటమే. కాబట్టి వెనుక డిస్క్, ముందు ఓ మోస్తరు లోతు రిమ్ము అన్నది చాలామందికి సరిపోయే జోడీ. బరువు తక్కువగా ఉన్నవారు, గాలి ఎక్కువగా ఉండే చోట తొక్కేవారు ముందు రిమ్ము లోతు ఇంకా తగ్గించుకోవాలి. బెదురుతో వంగిన ఒళ్లు పైకి లేపి, బ్రేకు మీద చెయ్యి వేసేవారికి లోతు చక్రం వల్ల మిగిలేది ఏమీ ఉండదు.

1989 టూర్ డి ఫ్రాన్స్ ఆఖరి రోజు ఇందుకు మంచి ఉదాహరణ. వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కి.మీ. టైమ్ ట్రయల్. అప్పటికి ఫ్రాన్స్ సైక్లిస్టు లొరాఁ ఫిన్యోఁ 50 సెకన్లు ముందున్నాడు. అతని రెండు చక్రాలూ డిస్క్ చక్రాలే. అమెరికాకు చెందిన గ్రెగ్ లెమాండ్ వెనుక మాత్రమే డిస్క్ వేశాడు. ఆ రోజు లెమాండ్ 58 సెకన్లు తక్కువ సమయంలో గమ్యం చేరి, మూడు వారాల పోటీని 8 సెకన్ల తేడాతో గెలిచాడు. లెమాండ్ మోచేతులు దగ్గరికి చేర్చి ఆనించే హ్యాండిలు, గాలిని చీల్చే హెల్మెట్ వాడాడు. ఫిన్యోఁకు ఆ రెండూ లేవు. పైగా అతను సీటు ఒరిపిడి పుండుతో బాధపడుతున్నాడు. గాలి నిరోధంలో అధిక భాగం సైక్లిస్టు శరీరానిదే. చక్రాల వాటా అందులో చాలా చిన్నది. అందుచేత మీ దగ్గర ఉన్న డబ్బు కొద్దిపాటిదైతే, ముందు కూర్చునే తీరు సరిచేసుకోండి. తర్వాత మంచి టైర్లు కొనండి. చక్రాల సంగతి ఆ తర్వాత చూడవచ్చు.

టైరు విషయంలో ఒక కొలత గుర్తుంచుకోండి. రిమ్ము వెడల్పు టైరు వెడల్పులో కనీసం 105 శాతం ఉండాలని ఈ రంగంలో ఒక లెక్క వాడుకలో ఉంది. టైరు రిమ్ము కంటే ఉబ్బి ఉంటే గాలి రిమ్మును అంటిపెట్టుకుని జారదు. లోతు రిమ్ముకు పెట్టిన డబ్బు వృథా అవుతుంది. బరువు గురించి మాత్రం అంతగా బెంగ అక్కర్లేదు. చదును దారిలో ఒకే వేగంతో పోయేటప్పుడు వందో రెండు వందలో గ్రాముల తేడా పెద్దగా పనిచేయదు. కొండదారి అయితే లెక్క మారుతుంది.

డిస్క్ చక్రం కొంటే దానితో పాటు పంపుకు వంకర మూతి అడాప్టర్ కూడా తీసుకోండి. వాల్వు చిన్న కంతలో ఉంటుంది కనుక మామూలు పంపు మూతి అందులో పట్టదు. ఈ సంగతి పోటీ రోజు ఉదయం తెలిస్తే చేసేదేమీ ఉండదు.

పాఠ్యగత ప్రశ్న: మీ టైరు వెడల్పు 28 మి.మీ. రిమ్ము వెడల్పు కనీసం ఎంత ఉండాలి? (జవాబు: 29.4 మి.మీ.)