సుంకం కట్టేది వాళ్లే, మరి మనకేం?

రాజపాళయంలో మా బడి పిల్లల ఇళ్లు చాలావరకు నూలు మిల్లు జీతం మీదే నడుస్తాయి. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా ఇక్కడ మిల్లు పెట్టారు. ఊరి బతుకు పత్తితో ముడిపడింది. అందుకే 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, శాతాల పాఠం ఆ వార్తతోనే చెప్పాం.

అప్పట్లో వంద రూపాయల బనియను అక్కడ దిగితే, కొన్న వ్యాపారి ఆ అదనపు సుంకం కిందే యాభై రూపాయలు కట్టాల్సి వచ్చేది.

"కట్టేది వాళ్లే కదా, మనకేం సార్?" అన్నాడొక పిల్లవాడు.

ఆ వ్యాపారి ధర తగ్గించమంటాడు, లేదా సుంకం తక్కువున్న దేశంలో కొంటాడు. తిరుప్పూరులో ఆర్డర్లు తగ్గితే ఇక్కడ నూలుకు గిరాకీ తగ్గుతుంది. ఆపై మిల్లులో షిఫ్టులు తగ్గుతాయి.

అదే నెల 19 నుంచి డిసెంబరు 31 దాకా మన ప్రభుత్వం దిగుమతి పత్తిపై 11 శాతం సుంకం ఎత్తేసింది. మిల్లుకు అది ఊరట. ఆదిలాబాదు, గుంటూరు రైతుకేమో పత్తి ధర పడిపోతుందన్న దిగులు. ఇద్దరూ మనవాళ్లే.

అమ్మానాన్నలకు మా మనవి ఒక్కటే. జీతం తగ్గిన నెలలో పిల్లల దగ్గర దాచకండి. ఎందుకు తగ్గిందో తెలుగులోనే చెప్పండి. లెక్క వాళ్లకు తెలుసు.