మేకల కంచె ఎలకలను ఆపదు

జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగడి చేలో గరిక పడిందంటే రైతుకు ఏళ్ల తరబడి పనే. ఎంత లోతుగా దున్నినా ఒక్క కణుపు మిగిలితే చాలు, వాన పడగానే మళ్లీ లేస్తుంది. మన దేశంలో వేడి ప్రాంతాల గోల్ఫ్ మైదానాల వాళ్లు అదే గరికను డబ్బు పోసి పెంచుతారు. కాకపోతే వాళ్లు నాటేవి సన్నాకు, పొట్టి సంకర రకాలు.

చలి దేశాల మైదానాల్లో గరికకు బదులు బెంట్‌గ్రాస్ ఉంటుంది. 15 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా పెరిగే గడ్డి అది. మే నెలలో 40 డిగ్రీలు దాటే కడప ఎండకు తాళలేదు. బంతి గుంటలోకి దొర్లే చోట దాన్ని దాదాపు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. రోజూ కోత పడే గడ్డికి ఒంట్లో సత్తువ ఎక్కడిది? శిలీంధ్రాలు సులువుగా పట్టుకుంటాయి. వాటిలో పేరుమోసినది డాలర్ స్పాట్. పచ్చిక మీద నాణెమంత గుండ్రటి మచ్చలు లేచి, గడ్డి ఎండిపోయి పాలిపోతుంది.

1990లలో అమెరికాలోని టెక్సాస్ శాస్త్రవేత్తలు వేడిని ఓర్చుకునే బెంట్‌గ్రాస్ కావాలని క్రెన్‌షా అనే రకాన్ని తెచ్చారు. వేడిని బాగానే ఓర్చుకుంది. డాలర్ స్పాట్‌కు మాత్రం అన్ని రకాల కన్నా ముందు లొంగిపోయింది. తర్వాత వచ్చిన డిక్లరేషన్ రకం ఆ తెగులును బాగా తట్టుకుంది. తట్టుకోవడం అంటే మచ్చలు అసలు రావని కాదు. తక్కువ వస్తాయి, మందు పిచికారీ చేసే సార్లు తగ్గుతాయి.

విత్తనం కొనేటప్పుడు ‘తెగులు తట్టుకునే రకం’ అనే మాట మనమూ వింటాం. ఏ తెగులును అని అడిగేవాళ్లు తక్కువ. మేకలకని వేసిన కంచె ఎలకలను ఆపదు కదా.

బుడ్డశనగ చెప్పే సంగతి

జమ్మలమడుగు నల్లరేగళ్లలో రబీ పంట బుడ్డశనగ. అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తి, నేల దాచుకున్న తేమ మీదే పండిస్తారు. దీనికి పాత శత్రువు ఎండు తెగులు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వేరులోంచి దూరి, నీటిని పైకి మోసే నాళాలను మూసేస్తుంది. నేలలో తేమ ఉన్నా మొక్క దాహంతో చస్తుంది. చేలో శనగ లేకపోయినా ఈ శిలీంధ్రం ఆరేళ్ల దాకా మట్టిలో బతకగలదు. అందుకే ఒక ఏడు జొన్న వేసి, మరుసటి ఏడు శనగకు వస్తే అది పోదు. విత్తనంలోనే శక్తి ఉండాలి.

ఆ శక్తి ఉన్న రకం జె.జి.11. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కలిసి రూపొందించిన ఈ రకం 1999లో విడుదలైంది. దాదాపు వంద రోజుల్లో కోతకు వస్తుంది. అంతకుముందు రైతులు ఎక్కువగా వేసిన అన్నిగేరి స్థానాన్ని ఆంధ్ర నల్లరేగళ్లలో ఇదే ఆక్రమించింది.

కథ అక్కడితో ఆగలేదు. ఎండు తెగులును తట్టుకున్న చేలలోనే ఎండు వేరుకుళ్లు తలెత్తింది. దీన్ని తెచ్చేది వేరే శిలీంధ్రం. ఎండ 30 డిగ్రీలు దాటి, నేల బెట్టకొస్తే అది విజృంభిస్తుంది. సరిగ్గా పూత, కాయ దశలో మన చేలకు ఉండే పరిస్థితి అదే. మొదటి శిలీంధ్రం మీద గెలిచిన జన్యువుకు రెండోది తెలియదు.

అరటి, వరి

పులివెందుల అరటి తోటలను బెదిరించే పనామా తెగులు కూడా ఫ్యుజేరియం తెచ్చేదే. అయితే శనగను చంపే రూపం అరటి జోలికి రాదు, అరటిని చంపేది శనగ జోలికి పోదు. ఒకప్పుడు ప్రపంచ మార్కెట్‌ను ఏలిన గ్రోమిషెల్ అరటి ఈ తెగులుకే బలైంది. దాన్ని తట్టుకున్న కావెండిష్ జాతి ఆ చోటికి వచ్చింది. పులివెందులలో పండే గ్రాండ్ నైన్ ఆ జాతిదే. ఇప్పుడు కావెండిష్‌నూ పడగొట్టే కొత్త రూపం బీహార్ తోటల దాకా వచ్చేసింది. మనం రకం మార్చినట్టే శిలీంధ్రమూ రూపం మారుస్తుంది.

దీనికి ఒక జవాబు వరిలో ఉంది. ప్రొద్దుటూరు వైపు కేసీ కాలువ కింద వరి వేసేవాళ్లకు సాంబ మసూరి తెలియనిది కాదు. దాన్ని బ్యాక్టీరియా ఎండాకు తెగులు నుంచి కాపాడటానికి హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఒకటి కాదు, మూడు జన్యువులను చేర్చాయి. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఒక జన్యువును బ్యాక్టీరియా దాటినా మిగతా రెండూ అడ్డుపడతాయి. అయినా ఆ మూడూ ఎండాకు తెగులుకే. అగ్గి తెగులు వస్తే అవి కాపాడలేవు.

గోల్ఫ్ మైదానాల వాళ్లు రెండు మూడు బెంట్‌గ్రాస్ రకాల విత్తనాన్ని కలిపి చల్లేదీ ఈ లెక్కతోనే. ఒకటి పడినా మరొకటి నిలుస్తుంది.

వచ్చే రబీకి ఏ రకం తెచ్చుకోవాలో ఈ రబీ చేనే చెబుతుంది. వాడిన శనగ మొక్కను పట్టి లాగండి. తల్లివేరు పెళుసుగా విరిగి కొన నేలలోనే ఉండిపోయిందా, పిల్లవేర్లు రాలిపోయాయా? అది వేరుకుళ్లు. వేరు పైకి బాగానే ఉండి, గోటితో నిలువునా చీలిస్తే లోపల నల్లటి చార కనిపించిందా? అది ఎండు తెగులు. పైకి చూస్తే రెండింటిలోనూ మొక్క వాడినట్టే కనిపిస్తుంది. విత్తనాల కొట్టుకు వెళ్లేటప్పుడు ఆ చీల్చిన వేరు జేబులో ఉంటే, ఏ తెగులును తట్టుకునే రకం కావాలో అడగడం తేలిక.