ఆయమ్మ సిస్టరమ్మ కావాలంటే: అపోహలు – వాస్తవాలు

విశాఖ ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల పేటల్లో ఆడవాళ్ళ సంపాదన చాలావరకు చేపతోనే ముడిపడి ఉంటుంది. వేలంపాట, రొయ్యల ఒలుపు, ఎండుచేపల పని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉండే 61 రోజులూ అది కుంటుపడుతుంది. నెల తిరిగేసరికి జీతం చేతికొస్తుందని ఆస్పత్రిలో ఆయాగా చేరిన అమ్మాయికి, కొన్నాళ్ళకి నర్సు కావాలన్న ఆశ పుడుతుంది. ఆ ఆశ న్యాయమైనదే. దాని చుట్టూ వినిపించే మాటలే తప్పుదారి పట్టిస్తాయి.

అపోహ: పదేళ్ళు నమ్మకంగా చేస్తే ఆస్పత్రే నర్సును చేస్తుంది.

చెయ్యదు, చెయ్యలేదు కూడా. నర్సు అనేది యాజమాన్యం ఇచ్చే ప్రమోషన్ కాదు. గుర్తింపు ఉన్న కోర్సు పాసై, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ సర్టిఫికెట్ మంచి శిక్షణే గానీ దానితో ఆ రిజిస్ట్రేషన్ రాదు. ‘ఆరు నెలల్లో నర్సు’ అనే బోర్డు కనిపిస్తే, డబ్బు కట్టకముందే కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. కొన్నిచోట్ల ఆయాలతోనే ఇంజెక్షన్లు చేయిస్తారు. దాన్ని నైపుణ్యానికి దక్కిన గౌరవం అనుకోవద్దు. తక్కువ జీతానికి నర్సు పని చేయించుకోవడం అది. రోగికి ఏదైనా జరిగితే ఆ ఆయా పక్షాన నిలిచే కాగితం ఒక్కటీ ఉండదు.

అపోహ: బైపీసీ చదవలేదు, వయసూ దాటింది, ఇక దారి లేదు.

బైపీసీ తప్పనిసరి అన్నది నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్‌కే. మూడేళ్ళ జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) కోర్సుకి ఏ గ్రూపు ఇంటర్ అయినా 40 శాతం మార్కులతో, ఇంగ్లిష్‌తో సహా పాసైతే చాలు. ఓపెన్ స్కూల్ ఇంటర్ కూడా పనికొస్తుంది. వయోపరిమితి 35. రెండేళ్ళ ఏఎన్ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) కోర్సు పూర్తిచేసి రిజిస్టరైన వాళ్ళకి ఆ పరిమితీ లేదు. ఏఎన్ఎం ఆడవాళ్ళకే. వార్డుబాయ్‌గా చేస్తున్న తమ్ముళ్ళు నేరుగా జీఎన్ఎంకి ప్రయత్నించవచ్చు. జీఎన్ఎం తర్వాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ కోర్సుతో బీఎస్సీ పట్టా కూడా అందుతుంది.

అపోహ: డ్యూటీ మానకుండా దూరవిద్యలో జీఎన్ఎం కానిచ్చేయొచ్చు.

కుదరదు. అది రోజంతా క్లాసులు, వార్డు శిక్షణ ఉండే చదువు. మూడేళ్ళు జీతం ఉండదన్న లెక్క ముందే ఇంట్లో కూర్చుని వేసుకోవాలి.

అపోహ: అన్నీ తెలిసిన వార్డే కదా, నర్సుగా తిరిగొస్తే ఇక తేలికే.

నా దృష్టిలో అసలు కష్టం ఇక్కడే ఉంది. పడక పుండ్లు రాకుండా రోగిని ఎలా ఒత్తిగిలించాలో, తిండి మానేసిన ముసలాయన చేత రెండు ముద్దలు ఎలా తినిపించాలో ఆమెకు ముందే తెలుసు. ఆ అనుభవం చాలా విలువైనది. కానీ ఆయాగా ఉన్నప్పుడు తేడా కనిపిస్తే సిస్టర్‌కి చెబితే పని అయిపోయేది. ఇప్పుడు ఆ మాట వచ్చేది తన దగ్గరికే. బీపీ పడిపోయిందంటే మళ్ళీ చూడాలా, డాక్టర్ని వెంటనే పిలవాలా అన్నది తనే తేల్చుకోవాలి. చేసింది కేస్ షీట్‌లో రాసి సంతకం పెట్టాలి.

మనుషులతో వచ్చే చిక్కు ఇంకోటి. నిన్నటిదాకా ‘ఏమే’ అని పిలిచిన తోటి ఆయాకు పని పురమాయించాలంటే నోరు రాదు. మొహమాటంతో ఆమె పనీ తానే చేసుకుంటే మందులిచ్చే వేళ తప్పుతుంది. పాత సిస్టర్లు అలవాటుకొద్దీ బెడ్‌పాన్ తెమ్మని పిలవవచ్చు. రోగికి అవసరమైతే ఏ నర్సయినా బెడ్‌పాన్ పెట్టాల్సిందే, అందులో చిన్నతనం లేదు. రోజూ అదే పని తన మీద పడుతుంటే మాత్రం హెడ్ నర్సుతో మాట్లాడాలి. మొదటి కొన్ని నెలలు వేరే వార్డులో డ్యూటీ అడగడం మంచిది. మేట్రన్లు కూడా కొత్త హోదాను అందరి ముందూ చెప్పి, ఆమె ఏ పనులు చేయాలో రాసి ఇవ్వాలి. ఆ బాధ్యత ఆమె ఒక్కదాని మీద వదలకూడదు.