తొందరపడితే గురి తప్పుతుందా?

చార్మినార్‌కు పడమరన లాడ్ బజార్ ఉంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్క గాజులకు అదే పేరున్న బజారు. అక్కడ గాజులు చేసేవారి పక్కన నిలబడి మేము చాలాసేపు చూశాం. కాచిన లక్క మెత్తగా ఉండగానే చిన్న చిన్న రాళ్లు పొదగాలి. తొందరపడితే వరుస చెడుతుంది. నిదానిస్తే లక్క గట్టిపడుతుంది.

ఈ చిక్కుకు ఒక లెక్క ఉంది. చెయ్యి మొదట ఒక్క ఊపున గురి దగ్గరికి వెళుతుందనీ, తర్వాత కన్ను చూసి దాన్ని సరిదిద్దుతుందనీ 1899లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త వుడ్‌వర్త్ చెప్పాడు. వేగం పెరిగితే సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. 1954లో పాల్ ఫిట్స్ రెండు లోహపు పలకలను మార్చి మార్చి తాకించి సమయం కొలిచాడు. దూరం రెట్టింపైనా, పలక వెడల్పు సగమైనా పెరిగే సమయం దాదాపు ఒకటే!

రాళ్లను చేతి దగ్గరే పోసుకోవడంలోని కిటుకు మాకప్పుడు అర్థమైంది. దూరం తగ్గితే ఆ మిగిలిన సమయం గురికి దక్కుతుంది.

పోటీ పరీక్షల్లో మాలో కొందరం ఓఎంఆర్ షీట్‌ను చివరి పది నిమిషాలకు వదిలేసి, గబగబా నింపబోయి, తెలిసిన జవాబులకే మార్కులు పోగొట్టుకున్నాం. తమ్ముళ్లారా, ఆ వృత్తాన్ని మనం పెద్దది చేయలేం. షీట్‌ను ప్రశ్నపత్రం పక్కనే ఉంచుకుని ఎప్పటికప్పుడు నింపగలం. మేము పోగొట్టుకున్న మార్కులు మీకు దక్కాలి.