యంత్రలయ – పద్యలయ

పద్యాన్ని కంటితో గణించడం వేరు, చెవితో పట్టుకోవడం వేరు. మొదటి పని పలకా బలపం ఉన్న ఏ విద్యార్థి అయినా చేయగలడు. రెండవది గురుముఖంగానో, ఇంటి పెద్దల నోటనో అలవడవలసిందే. అటువంటి పెద్దలు లేని ఇంట, పద్యం వినిపించని ఊళ్లో, ఛందస్సును చెవికి ఎక్కించే ఉపాయం మరొకటి ఉన్నదా అన్న ప్రశ్న కొంతకాలంగా నన్ను వదలకున్నది. ఆ ప్రశ్నతోనే మొబైలు ఫోనులలో దొరికే సంగీతపు యాప్‌లను పరీక్షించాను. అవి చాలక, సంగీతశాస్త్రంలోగాని కంప్యూటరు విద్యలోగాని పట్టా లేని నేను, ఒక చిన్న సాఫ్ట్‌వేరును ఇంట్లోనే కట్టుకొన్నాను. ఆ ప్రయత్నంలో నాకు తెలిసివచ్చిన సంగతులను తోటి రచయితలకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేనుండేది జంషెడ్‌పూర్‌లోని బిర్సానగర్. బిర్సా ముండా పేరు పెట్టుకొన్న ఈ పేట టెల్కో కర్మాగారానికి చేరువలో ఉన్నది. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడి, సాక్చి ప్రాంతంలో కొలిమి లేచిన తరువాత, నానాదేశాల కార్మికులతో పాటు ఉత్తరాంధ్రం నుండి తెలుగువారూ ఇక్కడికి వలస వచ్చారు. 1945లో టెల్కో వెలసిన తరువాత వారి సంఖ్య ఇంకా పెరిగింది. మా నాన్నగారు శ్రీకాకుళం వైపు నుండి వచ్చినవారే. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి, స్నానం చేసి, వాకిట్లో కూర్చుండి పద్యం ఎత్తుకొనేవారు. ఆయనకు ఛందశ్శాస్త్రం తెలియదు. నాటకాల వాళ్ల నోట విన్న పద్యాలే ఆయన చదువు. ఇప్పటి మా పేటలోని తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతారు, బడిలో నాగరి లిపి చదువుతారు. తెలుగు అక్షరం కూడబలుక్కొని చదవగలవారు కూడా తక్కువే. వారికి నేను గురులఘువులను ఏ లిపిలో నేర్పాలి? లిపి రాని చెవికి లయ రాకూడదా? నా ప్రయోగానికి ఇదే మొదలు.

యంత్రం చేత సంగీతం పలికించడం కొత్త విద్య కాదు. 1957లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో మాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రాము ద్వారా ఒక కంప్యూటరు 17 సెకన్ల కాలం ఒక రచనను వినిపించింది. 1969లో అహ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో మూగ్ సింథసైజరును నెలకొల్పారు. గీతా సారాభాయి మొదలైనవారు దానిపై పనిచేశారు. ఆనాడు గదినంతా ఆక్రమించిన సాధనాల పని ఈనాడు చొక్కా జేబులోని ఫోను చేస్తున్నది. కావున యంత్రం అందుబాటులో ఉన్నదా లేదా అన్న చర్చ అనవసరం. ఆ యంత్రం ఏ లెక్కతో పుట్టినదన్నదే ఇప్పుడు విచారించవలసిన విషయం.

లయ పలికించే యాప్‌లలో పెక్కింటికి ఒకటే కట్టడి. తెరమీద ఒక వరుసలో 16 గడులు కనబడతాయి. మనం వేలితో తాకిన గడి వద్ద దెబ్బ పడుతుంది, తాకనిచోట మౌనం. వరుస ముగియగానే మళ్లీ మొదటికి వస్తుంది. ఈ 16 అన్నది నాలుగు నాలుగుల లెక్క. మన పరిభాషలో చతురస్రగతి. కొన్ని యాప్‌లలో గడుల సంఖ్యను మార్చుకొనే వీలున్నది. కాని తెరవగానే ఎదుట నిలిచేది పదహారే గనుక, నేర్చుకొనే పిల్లవాడు లయ అంటే అదే అనుకొంటాడు.

ఈ గడులలో గురజాడవారి ముత్యాలసరాన్ని కూర్చి చూడండి. 1910 నాటి ఆ ఛందస్సులో మొదటి మూడు పాదాలకూ 14 మాత్రలు: మూడు, నాలుగు, మూడు, నాలుగు. నాలుగవ పాదం అంతకంటె పొట్టి. గడికొక మాత్ర చొప్పున నింపుకొనిపోతే పాదం ముగిసేసరికి రెండు గడులు మిగిలిపోతాయి. వాటిని ఖాళీగా విడిస్తే ప్రతి పాదం చివరా కాలు జారినట్లుంటుంది. విడువక తరువాతి పాదాన్ని అక్కడే మొదలుపెడితే, ఆవృతం మొదటి దెబ్బా, పాదం మొదటి అక్షరమూ విడిపోయి, 112 మాత్రలు గడిచిన తరువాతగాని తిరిగి కలుసుకోవు. అంటే 14 మాత్రల పాదాలు ఎనిమిది సాగేసరికి యంత్రం తన ఆవృతాన్ని ఏడుసార్లు తిప్పుతుంది. గడులను 14కు కుదించి, మొదటి, నాలుగవ, ఎనిమిదవ, పదకొండవ గడులలో దెబ్బ ఉంచినప్పుడు మాత్రమే ముత్యాలసరం నడక వినబడింది. మా పక్క వాటాలోని పదేళ్ల పిల్లవాడు దాన్ని రెండుసార్లు విని చప్పట్లతో అందుకొన్నాడు. వాడికి మిశ్రగతి అన్న పేరు తెలియదు, ముత్యాలసరం లిపిలో చదవలేడు. అయినా ఏడు మాత్రల విరుపు వాడి అరచేతులకు తెలిసింది.

అయితే దెబ్బలన్నీ సమానంగా ఉండే గడుల వరుస గణాన్ని చూపుతుందిగాని అక్షరాన్ని చూపదు. దానికోసం సొంత సాధనం అవసరమైంది. మిల్లర్ పకెట్ 1990లలో రూపొందించి ఉచితంగా విడిచిన ప్యూర్ డేటా అనే సాఫ్ట్‌వేరు ఇటువంటి పనికి అనువైనది. ఇందులో ప్రోగ్రామును వాక్యాలుగా రాయనక్కరలేదు. పెట్టెలు గీసి వాటిని గీతలతో కలుపుతాము. ఒక పెట్టె నియమిత కాలానికొకసారి సంజ్ఞ పంపుతుంది. మరొకటి నాదాన్ని పుట్టిస్తుంది. ఇంకొకటి ఆ నాదం ఎంతసేపు నిలవాలో నిర్ణయిస్తుంది. నేను లఘువుకు పావు సెకను, గురువుకు అర సెకను నియమించాను. ఆ లెక్కన 14 మాత్రల పాదం మూడున్నర సెకన్లలో నడుస్తుంది. లఘువుకు చిన్న చెక్కదెబ్బ వంటి ధ్వని, గురువుకు కొంచెం సాగే నాదం, యతిస్థానంలో గంట. ఇంతే నా వాద్యం.

గురులఘువుల క్రమాన్ని యంత్రానికి ఎవరు చెప్పాలి? తెలుగు పాఠాన్ని చూసి వృత్తాన్ని గుర్తించే సాఫ్ట్‌వేర్లు మనకు ఇప్పటికే ఉన్నవి. మిరియాల దిలీప్ రూపొందించిన ‘ఛందం’ వానిలో ప్రసిద్ధమైనది. నా సాధనంలో మాత్రం క్రమాన్ని నేనే ఒకట్లు, రెండ్లుగా ఎక్కించాను. ఈ చాకిరీ వ్యర్థం కాలేదు. ‘అమ్మ’ అన్న మాటలో మొదటి అక్షరం గురువని చిన్ననాటి నుండి ఎరుగుదుము. కాని దాన్ని ‘రెండు, ఒకటి’ అని వేలితో నొక్కినప్పుడుగాని, ఆ గురుత్వం అకారంలో కాక తరువాతి ద్విత్వం మీద నాలుక ఆగడంలో ఉన్నదని నాకు స్ఫురించలేదు. ‘వచ్చినాడు’ అంటే ఆరు మాత్రలు, ‘వచ్చాడు’ అంటే అయిదు. అనువాదంలో ఒకదాని స్థానంలో మరొకటి వేసి, అర్థం మారలేదని తృప్తిపడిన సందర్భాలు నాకెన్నో ఉన్నవి. యంత్రం ఆ తృప్తిని ఒప్పుకోలేదు. అర్థం నిలిచినా నడక కుంటుపడింది.

ఇక వృత్తాల విషయం. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, చంపకమాలలో 21. మాత్రలుగా లెక్కిస్తే రెండింటికీ 28. ఉత్పలమాల తొలి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల అవుతుందని పాఠకులు ఎరుగుదురు. ఒకదానికి పదవ అక్షరం, మరొకదానికి పదకొండవ అక్షరం యతిస్థానమని రెండు సూత్రాలుగా వల్లించినదంతా, వినేటప్పుడు ఒకే సంగతి అయింది: రెండింటిలోనూ గంట పదమూడవ మాత్ర మీదనే మోగింది.

ఇరవై ఎనిమిది అంటే నాలుగు ఏడులు గదా, ఉత్పలమాల కూడా మిశ్రగతిలో నడుస్తుందేమో అన్న ఆశతో ముత్యాలసరపు దెబ్బను దాని కింద పెట్టి విన్నాను. మొదటి 14 మాత్రలు ఆశ్చర్యకరంగా మూడు, నాలుగు, మూడు, నాలుగుగా ఒదిగినవి. పాదం సగం వరకు ఇవి అక్కచెల్లెళ్లా అన్నంత పొందిక. అటు తరువాత 15, 16 మాత్రలు లఘువులు. 17, 18 మాత్రలను కలిపి ఒక గురువు ఆక్రమించుకొన్నది. మూడు మాత్రల గణం ముగియవలసింది ఆ గురువు నడుమ. 21, 22 మాత్రల వద్ద మళ్లీ అదే అడ్డు. దెబ్బ ఒకచోట, అక్షరం మరొకచోట. ఉత్పలమాల ఉత్తరార్ధంలో వినిపించే ఆ బిగువు, ఏదో ఎదురీదుతున్నట్లుండే ఆ ఊపు, ఇక్కడి నుండే కొంత పుడుతున్నదని నాకు తోస్తున్నది. మాత్రాఛందస్సులో రాయడానికి అలవాటుపడిన యువకవి వృత్తరచనకు దిగినప్పుడు పాదం రెండవ సగంలోనే తడబడటానికి కారణమూ ఇదే కావచ్చు.

కాలానికి 16 గడులు ఉన్నట్లే నాదానికి కూడా ఒక కట్టడి ఉన్నది. ఫోనులోని కీబోర్డు స్థాయిని 12 సమభాగాలు చేస్తుంది. షడ్జం సెకనుకు 240 కంపనాలనుకొంటే, తంబురాతో పొత్తు కుదిరే అంతర గాంధారం 300 వద్ద ఉంటుంది. కీబోర్డు ఇచ్చేది 302.4. తేడా స్వల్పమే. కాని షడ్జంతో కలిపి సాగదీసి వింటే ఆ రెండు నాదాల మధ్య సన్నని వణుకు చెవికి తగులుతుంది. ఇది శ్రుతికి సంబంధించిన మాట. గమకం సంగతి ఇంకా పెద్దది. తోడిలోని గాంధారం నిలకడగా ఉండే బిందువు కాదు, ఊగే చలనం. దాన్ని ఒక మెట్టు మీద నిలబెడితే పేరు మిగులుతుంది, రాగం మిగలదు. ఈ లోటును ఎరిగి, చెన్నైకి చెందిన ఎం. సుబ్రహ్మణ్యన్ ‘గాయక’ అనే సాఫ్ట్‌వేరును రూపొందించారు. కర్ణాటక స్వరలిపిని టైపు చేస్తే గమకాలతో కూడా అది వినిపిస్తుంది. మన సంగీతాన్ని ఎరిగినవారు యంత్రాన్ని పట్టుకొన్నప్పుడు యంత్రం మన మాట వింటుందనడానికి ఇది నిదర్శనం.

నా పొరపాటును కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. నాన్నగారు పాడిన ఉత్పలమాల ఒకటి పాత క్యాసెట్టులో మా ఇంట మిగిలింది. దాన్ని ఫోనులోకి ఎక్కించి, లయనూ శ్రుతినీ సరిదిద్దే ఒక యాప్‌కు అప్పగించాను. అది ఒక్క నిమిషంలో ప్రతి అక్షరాన్నీ గడిలోకి లాగి, ప్రతి స్వరాన్నీ మెట్టు మీద నిలిపి, శుభ్రం చేసి ఇచ్చింది. సంతోషంతో అమ్మకు వినిపించాను. ఆమె చివరిదాకా విని, “గొంతు మీ నాన్నగారిదే నాయనా. ఊపిరి మాత్రం ఆయనది కాదు” అన్నది. ఆ మాటతో నాకు సిగ్గు వేసింది. తప్పులని యాప్ దిద్దినవన్నీ ఆయన చేసుకొన్న నిర్ణయాలు. దిద్దిన నకలును పక్కన పెట్టాను. అసలుది చెడిపోలేదు గనుక బతికిపోయాను.

ఆ తరువాత నా సాధనాన్ని తలకిందులు చేశాను. గొంతును గడిలోకి లాగే బదులు, నాన్నగారి పద్యం వినిపిస్తుండగా ప్రతి అక్షరానికీ నేనొక మీట నొక్కుతాను. అది ఆ వ్యవధిని రాసుకొంటుంది. చేతితో నొక్కే లెక్క గనుక సూక్ష్మంగా సరిపోదు. అయినా ఒక సంగతి దాచినా దాగదు. ఆయన గురువులన్నీ రెండు మాత్రలవి కావు. యతి మీద నిలిచిన గురువు ఒక్కోచోట నాలుగు లఘువుల కాలం సాగింది; ఆ వెంటనే వచ్చిన లఘువులు ఒకదానినొకటి తరుముకొన్నవి. పాదాంతంలో ఆయన ఊపిరి తీసుకొన్న వ్యవధికి శాస్త్రంలో గుర్తే లేదు. గురువు రెండు మాత్రలన్నది శాస్త్రం ఇచ్చిన కొలత. పాడేవాడు ఆ కొలతను మనసులో ఉంచుకొని దాన్ని దాటిపోతాడు. కొలత తెలియని చెవికి ఆ దాటు కూడా తెలియదు. యంత్రం ఆ కొలతను నేర్పగలదు. దాటును నేర్పగలిగినవారు మనుష్యులే.

కావున రచయితలకు నా విన్నపం రెండు మాటలలో ముగిస్తాను. ఇంటి పెద్దల నోట పద్యమో పాటో మిగిలి ఉంటే, పాడిన ఊరూ సంవత్సరమూ చెప్పించి, వారి గొంతును ఉన్నదున్నట్లుగా ఫోనులో భద్రపరచండి. సరిదిద్దే యాప్‌లను దాని నకలు మీద తప్ప అసలు మీద ప్రయోగించకండి. రెండవది, వీలైనవారు తమ చేతితో ఒక చిన్న సాధనం కట్టుకొని చూడండి. ఒకరు చేసి ఇచ్చిన యాప్‌లో పదహారు గడులు శాసనంగా కనిపిస్తాయి. మనమే గీసుకొన్న పెట్టెలలో, అంకె వేసినది మన చేయే గనుక, దాన్ని మార్చడానికి జంకు ఉండదు.

పక్క వాటా పిల్లవాడు ఇప్పుడు సాయంకాలం వేళ వచ్చి ఏడు మాత్రల దెబ్బ పెట్టించుకొంటాడు. మొన్న “దీనికి మాటలు లేవా?” అని అడిగాడు. ఉన్నవన్నాను. లిపి మాట వాడే ఎత్తాడు. పలక తెచ్చి, ముందుగా ‘అమ్మ’ అని రాసి, రెండు మాత్రలు ఎక్కడ ఆగాలో వేలితో చూపించాను.