కోకిల కాదు, మెఱుపు గోరువంక

శ్రీకాకుళమునుండి వెళ్లి అండమాను దీవులలో, 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిరులో, కాపురమున్న మా చెల్లెలివరుస యామె మాకొక జాబు వ్రాసినది. వారి పెరటిలోని యెండు కొబ్బరిమ్రాను తొఱ్ఱలో నిగనిగలాడు నల్లని పిట్టల జంట గూడు పెట్టినదట. కన్నులు గురివిందలవలె ఎఱ్ఱనివి. కాని తొఱ్ఱలోనుండి తల చాచి నోరు తెఱచు పిల్లకు తెల్లని ఱొమ్ముపై నల్లని చారలు! కోకిల తన గ్రుడ్డు నిందులో పెట్టిపోయినదనియు, ఆ దొంగపిల్లను తీసి పాఱవేయుదమనియు ఇంటి పిల్లలు నిచ్చెన తెచ్చిరట. వారిని మందలించి యాపి, ఇది యేమి పిట్టయని యామె యడిగినది.

సోదరీమణులారా, నల్లని దెల్ల కోకిల కాదు. మగకోకిలకును ఎఱ్ఱకన్నులున్న మాట నిజమే. కాని అది సుమారు 43 సెంటీమీటర్ల పొడుగరి. తోక పొడవు, ముక్కు వెలిసిన ఆకుపచ్చ. ఈ పిట్టయో 20 సెంటీమీటర్లు. మన గోరువంకకంటెను చిన్నది. తోక కుఱుచ, ముక్కును నలుపే. అండమానులకే పరిమితమైన యేట్రింత యొకటి కలదు. అదియు నల్లనిదే, కాని దాని పొడుగు తోక కొన చీలియుండును. కొండగోరువంకకు ముక్కు, కాళ్లు, తలవెనుకనున్న తోలుమడతలు పసుపు. పలుకులు నేర్చునని దానిని పంజరమున పెట్టదలచువారు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును ముందుగా తెలిసికొనుట మేలు.

మన పిట్టను ఇంగ్లీషున గ్లాసీ స్టార్లింగనియెదరు, గోరువంక కుటుంబములోనిదే. మేము మెఱుపు గోరువంక యందుము. ఈశాన్య భారతమునుండి ఫిలిప్పైను దీవులవరకు నున్నది. నీడలో బొగ్గు; ఎండ తగిలినంతనే నెమలికంఠమువలె పచ్చగా మెఱయును. ఆ పచ్చదనము పూసిన రంగు కాదు, ఈకల నిర్మాణముపై వెలుగు పడుటచే పుట్టు వన్నె. కావున ఎండను వీపున కుంచుకొని చూడవలెను. ఎదురెండలో చూచిన అన్నియు కాకులే!

అండమానులలోని తెగకు 1873లో హ్యూముదొర, అచ్చటి పాలకుడుగా నుండిన టైట్లరు పేరు పెట్టెను. ఆయన భార్య హారియట్టు పేరనున్న కొండ 2021లో మౌంట్ మణిపూర్ అయినది. మగని పేరు పిట్టపై నిలిచినది!

ఇక ఆ పిల్ల దొంగపిల్ల కాదు. ఈ జాతి పిల్లలన్నియు చారల ఱొమ్ముతోనే గూడు విడుచును. ఈకలు మార్చుకొనిన పిదపనే నలుపు వచ్చును. చారలు చూచి పరాయిదనుకొనుట మన పొరపాటేకాని, తల్లి పొరపాటు కాదు.

మా జాబు చేరునప్పటికే పిల్లలు గూడు విడిచినవట. బొప్పాయిచెట్టుపై చారలవి మూడు, నల్లనివి రెండు కూడి పండు పొడుచుకొని తినుచున్నవని ఆమె తిరుగు జాబు. నిచ్చెన అటుకపై చేరినదట.