నత్త విషం, నరాల తూములు

పొలానికి నీళ్లు పెట్టినవాళ్లకు తూము సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. తెరవాల్సినప్పుడు తలుపు బిగుసుకుపోతే పైరు ఎండుతుంది. మూయాల్సినప్పుడు మూసుకోకపోతే చేను మునుగుతుంది. మన నరాల మీదా ఇలాంటి తూములే ఉన్నాయి. కాకపోతే కంటికి కనిపించనంత చిన్నవి. వాటిలో పారేది నీరు కాదు, సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు. శంకు నత్త విషం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ముందు ఈ తూముల్ని గుర్తుపెట్టుకోవాలి.

మీరు వేలు కదపాలనుకున్నారు. మెదడు పంపిన కబురు నరం వెంట సాగడానికి సోడియం తూములు ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటూ పోతాయి. వెనువెంటనే పొటాషియం తూములు తెరుచుకుని నరాన్ని మళ్లీ మామూలు స్థితికి తెస్తాయి. కబురు నరం కొసకు చేరగానే అక్కడి కాల్షియం తూములు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి వస్తే చాలు, చిన్న సంచుల్లో దాచి ఉంచిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం బయటికి వస్తుంది. నరానికీ కండరానికీ నడుమ ఉన్న సన్నని ఖాళీని దాటి, కండరం మీదున్న గ్రాహకానికి, అంటే రిసెప్టర్‌కి, అంటుకుంటుంది. అప్పుడు కండరం ముడుచుకుంటుంది, వేలు కదులుతుంది. ఇన్ని మజిలీల్లో ఏ ఒక్కచోట అడ్డుపడినా కబురు చేరదు. శంకు నత్త దాదాపు ప్రతి మజిలీలోనూ అడ్డుపడుతుంది.

ఈ నత్తల గవ్వ శంకువు ఆకారంలో ఉంటుంది, అందుకే ఆ పేరు. వెచ్చని సముద్రాల్లో 700కు పైగా జాతులున్నాయి. ఎక్కువ జాతులు పురుగుల్ని తింటాయి, కొన్ని తోటి నత్తల్ని తింటాయి. కొన్ని మాత్రం చేపల్ని వేటాడతాయి. నత్త నడకతో చేపను పట్టడం ఎలా? దీని నోటిలో బోలుగా ఉండే బాణం లాంటి పన్ను ఉంది. దాన్ని చేపకు గుచ్చి విషం ఎక్కిస్తుంది. చేప ఒక్కసారి తోక ఊపినా వేట చేజారినట్టే. కాబట్టి విషం క్షణాల్లో పనిచేయాలి.

విషంలో ఉన్నవి పెప్టైడ్లు, అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు. చాలావాటిలో 10 నుంచి 30 దాకా అమైనో ఆమ్లాలే ఉంటాయి. మధ్యలో గంధకపు బంధాలు వేసి గట్టిగా ముడివేసినట్టుంటాయి. ఒక్కో జాతి విషంలో వందకు పైగా రకాలు. చేపకు గుచ్చగానే డెల్టా రకం సోడియం తూముల్ని మూసుకోనివ్వదు. కప్పా రకం పొటాషియం తూముల్ని అడ్డుకుంటుంది. నరాలకు వరద వచ్చినట్టవుతుంది, చేప రెక్కలు చాచి కట్టెలా బిగుసుకుపోతుంది. ఆ తర్వాత రెండో దెబ్బ. ఆల్ఫా రకం ఎసిటైల్‌కోలిన్ గ్రాహకం మీద కూర్చుని అసలు రసాయనానికి చోటివ్వదు. ఒమేగా రకం నరం కొసలోని కాల్షియం తూముల్ని మూస్తుంది. మ్యూ రకం కండరంలోని సోడియం తూముల్ని మూస్తుంది. బిగుసుకున్న చేప ఇక పూర్తిగా చచ్చుబడుతుంది.

కోనస్ జియోగ్రాఫస్ అనే జాతి పద్ధతి వేరు. నోటిని వలలా తెరిచి చేపల్ని లోపలికి లాక్కుంటుంది. దాని విషంలో చేపల ఇన్సులిన్‌ను పోలిన ఇన్సులిన్ ఉందని 2015లో బయటపడింది. దాంతో చేప రక్తంలో చక్కెర పడిపోయి, ఈదే ఓపిక పోతుంది.

ఈ విషం మీద పరిశోధనకు ఆద్యుల్లో ఒకరు ఫిలిప్పీన్స్‌లో పుట్టిన బాల్డొమేరో ఒలివేరా. అమెరికాలో చదివి స్వదేశానికి తిరిగొస్తే ప్రయోగశాలలో తగిన పరికరాలు లేవు. చిన్నప్పుడు గవ్వలు ఏరుకున్న సముద్రం మాత్రం ఉంది. అలా శంకు నత్త విషం చేపట్టాడు. తర్వాత యూటా విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర డిగ్రీ చదువుతున్న క్రెయిగ్ క్లార్క్ విషంలోని భాగాల్ని విడదీసి, ఎలుకల మెదడులోకే నేరుగా ఎక్కించి చూశాడు. ఒకటి ఎక్కిస్తే ఎలుక నిద్రపోయింది, ఇంకొకటి ఎక్కిస్తే వణికింది. విషం ఒక్కటి కాదని, ఒక్కో గొలుసుకు ఒక్కో పని ఉందని తేలింది ఇక్కడే. పరికరాల లేమి, ఒక విద్యార్థి ఆలోచన. ఈ రెండూ లేకపోతే ఈ కథే లేదని నా నమ్మకం.

మరో విద్యార్థి మైకేల్ మెకింటోష్ కోనస్ మేగస్ అనే నత్త నుంచి ఎలుకను వణికించే గొలుసును వేరుచేశాడు. 25 అమైనో ఆమ్లాల ఒమేగా రకం అది. కాల్షియం తూముల్లో చాలా రకాలున్నాయి. గుండె కండరానికి కావలసిన రకాన్ని ఇది ముట్టుకోదు. ఎన్ రకం తూముల్నే మూస్తుంది. ఒంట్లోని నొప్పి కబురు వెన్నుపాములో ఒక నరం నుంచి ఇంకో నరానికి చేరేచోట ఉన్నవి ముఖ్యంగా ఆ తూములే. వాటిని మూస్తే నొప్పి కబురు మెదడుకు చేరదు. చేపను చంపే పెప్టైడ్ మనిషికి మందు కావడానికి కారణం ఈ ఎంపికే. మొరటుగా అన్నిటినీ మూసే విషమైతే ఎవరికీ పనికిరాదు.

జికోనొటైడ్ పేరుతో దీనికి 2004 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి దొరికింది. నత్తల్ని చంపనక్కర్లేదు, ప్రయోగశాలలోనే తయారుచేస్తారు. మార్ఫిన్‌కు ఒళ్లు అలవాటుపడి మోతాదు పెంచుకుంటూ పోవాల్సివస్తుంది, దీనికి ఆ బెడద లేదు. కానీ ఇది మాత్రగా మింగే మందు కాదు. చిన్న పంపు అమర్చి, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి నేరుగా ఎక్కించాలి. మోతాదు కాస్త ఎక్కువైనా తల తిరగడం, మతి తడబడటం, లేనివి కనిపించడం ఉంటాయి. అందుకే వేరే మందులకు లొంగని తీవ్రమైన నొప్పి ఉన్నవారికే వాడతారు. దీన్ని అద్భుత ఔషధమని ప్రచారం చేస్తే రోగికి మేలు జరగదు.

మన దేశంలోనూ మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ సముద్రాల్లో ఈ నత్తలున్నాయి. అక్కడికి వెళ్లినప్పుడు పిల్లలకు ఒక్క మాట చెప్పండి. రంగురంగుల గీతలతో ఎంత అందంగా ఉన్నా, నీళ్లలో ఉన్న శంకు గవ్వను చేత్తో ఎత్తొద్దు, జేబులో వేసుకోవద్దు. కోనస్ జియోగ్రాఫస్ కుట్టి మనుషులు చనిపోయారు. కుట్టినచోట పెద్దగా నొప్పి లేకపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఈ విషానికి విరుగుడు మందు లేదు. విషం దిగేదాకా ఊపిరి ఆగకుండా వెంటిలేటర్‌తో నిలబెట్టడమే చికిత్స.